పదహారో గది తలుపు

ఆ జూన్‌లో నేను ఒక్క కప్పు కూడా పగలగొట్టలేదు. ముందు ఈ మాటే చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో నాకు దాని మీద గర్వంగా ఉండేది.

మా ఊరి కాలేజీలో కాఫీ కాచే పని నాది. రెండో అంతస్తులో మెట్ల పక్కన ఒక ఇరుకు గది, రెండు కరెంటు పొయ్యిలు, పొడుగు పిడి రాగి గిన్నెలు నాలుగు. ప్రొఫెసర్లు గదుల్లోంచి ఫోన్ చేస్తారు, నేను కాచి ట్రేలో పట్టుకెళ్తాను. నాకంటే ముందు ఇరవై రెండేళ్ళు ఆ పని మా అత్తగారు దరింకా చేసింది. రిటైరవుతూ దాన్ని నాకు వచ్చేలా చూసింది. ఏటా సెప్టెంబర్లో కాంట్రాక్టు మళ్ళీ రాస్తారు. మా పాప లెంకాకి కాలేజీ పిల్లల బడిలో చోటు కూడా ఆ కాంట్రాక్టు వల్లే.

కాలేజీలో మా అత్తగారి పేరు చెబితే ఇప్పటికీ నవ్వుతారు. వణుకుచేతుల దరింకా అంటారు. ట్రేకు ట్రే అలాగే జారవిడిచేదట. వరండా అంతా కాఫీ, పింగాణీ ముక్కలు, ప్రతి గదిలోంచీ తలలు బయటికి వచ్చి చూడటం. నేను చేరిన కొత్తలో ఎక్కడికెళ్ళినా ఇదే పలకరింపు.

"కోడలికీ అత్త చేతులే వచ్చాయా, లేక ఈసారి మాకు వేడి కాఫీ దొరుకుతుందా?"

"దొరుకుతుందండీ," అనేదాన్ని. ఏడాది గడిచింది. ఒక్క సాసరు కూడా జారలేదు. వాళ్ళు మెచ్చుకుంటుంటే నాకు లోపల బాగానే ఉండేది.

నేనూ ఆ కాలేజీలోనే రెండేళ్ళు చదివాను. లెంకా కడుపులో పడ్డాక మానేశాను. ఆఖరుగా రాసింది, రాసింది అంటే నోటితో చెప్పింది, గణాంకాల పరీక్ష. పదహారో నంబరు గదిలో ప్రొఫెసర్ వెలిజార్ దగ్గర. అప్పుడు నాకు ఆరో నెల. ఆయన లేచి నాకు కుర్చీ జరిపాడు, మంచినీళ్ళు పోశాడు, తలుపు బార్లా తెరిచి ఉంచాడు. నాకేమీ రాకపోయినా మార్కుల పుస్తకంలో పదికి ఏడు వేసి సంతకం పెట్టాడు. అంత మర్యాదస్తుడు లేడని నాలుగేళ్ళ పాటు కనబడ్డ వాళ్ళకల్లా చెప్పాను.

తలుపుల సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఎవరూ కిటికీ తెరిచి ఉండగా తలుపు తెరవరు. రెండూ తెరిస్తే మధ్యలో గాలి కోసుకుపోతుంది, దానికి మెడ పట్టేస్తుంది, చెవి పోటొస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, కొందరైతే మూతి వంకరపోయిందని కూడా చెబుతారు. మా అత్తగారు ఈ విషయంలో పోలీసు. బస్సులో పక్కవాళ్ళ కిటికీలు కూడా లేచి మూసేస్తుంది. నేను తక్కువేం కాదు. లెంకాకి రెండుసార్లు చెవి చీము పట్టింది. జూలై ఎండలో కూడా దానికి లోపల బనీను వేసి, నడుము దగ్గర ప్యాంటులోకి దోపి పంపుతాను. అందుకని ఎంత ఉక్కపోసినా కాలేజీలో తలుపులన్నీ వేసే ఉంటాయి. వేసున్న తలుపును చూసి మాలో ఎవరికీ ఏమీ అనిపించదు.

జూన్ పరీక్షలు మొదలై రెండో వారం. ముంగిట్లో లిండెన్ చెట్లు పూసి, వాసన మెట్ల దాకా వస్తోంది. మూడు దాటాక పదహారో గది నుంచి ఫోన్ వచ్చింది.

"మేనా, ఒక కాఫీ, ఒక పళ్ళరసం. తొందరేం లేదు తల్లీ."

ఆ తలుపు మీద ఆ రోజు పరీక్ష జాబితా అంటించి ఉంది. తొమ్మిది పేర్లు, కింద ఎప్పుడూ ఉండే ముక్క: నోటి పరీక్ష బహిరంగం, ఎవరైనా వినవచ్చు. ఆ ముక్క నేను చదువుకునే రోజుల్లోనూ ఉంది. ఎవరూ రారు. ఒకరు చెమటలు కక్కుతుంటే చూడటానికి మండుటెండలో ఎవరొస్తారు? ఎనిమిది పేర్ల పక్కన గీతలు పెట్టి ఉన్నాయి. తొమ్మిదోది ఇస్క్రా. ఆ పిల్ల నాకు తెలుసు. పొట్టి జుట్టు, గబగబా నడుస్తుంది, నా గదిలోకి తొంగి చూసి "అక్కా, నీళ్ళు పట్టుకోనా" అని సీసా నింపుకుపోతుంది.

మోచేత్తో తలుపు పిడి నొక్కాను. తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కాను. లోపల తాళం వేసి ఉంది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత ఆ పిల్ల గొంతు. "వద్దు ప్రొఫెసర్ గారూ, వదలండి." ఒక్క క్షణం ఆగి మళ్ళీ, ఈసారి గారూ లేదు. "వదులు."

నా చేతుల్లో ట్రే అదిరింది. కప్పు సాసరుకు తగిలి టకటకమంది. బొటనవేలితో కప్పును నొక్కి పట్టాను. చప్పుడు ఆగింది. ఆ క్షణంలో నేను ఏమనుకున్నానో నాకు బాగా గుర్తుంది. పిల్లల బడి నాలుగింటికి మూసేస్తారు, లెంకాని తీసుకురావాలి అనుకున్నాను. మంచి సాకు కూడా కాదది. నాలుగింటికి ఇంకా అరగంటకు పైగా ఉంది.

వెనక్కి తిరిగి వచ్చాను. చుక్క ఒలకలేదు. కాఫీ సింకులో పోసి కప్పు కడిగాను. ఏదో ఫోన్ మోగడం, తలుపు విసురుగా తెరుచుకోవడం, మెట్ల మీద పరుగు వినిపించాయి. నేను కుళాయి ఇంకొంచెం పెద్దది చేశాను.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు వంటింట్లో ఆప్రికాట్ పళ్ళు చీల్చి గింజలు తీస్తోంది. లెంకా గింజలు లెక్కపెడుతూ నాలుగు తర్వాత తొమ్మిది అంటోంది. మా ఆయన బొయాన్ బేకరీ వ్యాను తోలి వచ్చి, చొక్కా విప్పి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"వీపు గాలికి పెట్టకు," అంది వాళ్ళమ్మ.

"అమ్మా, గాలే లేదు. ఉంటే బతికిపోదును."

"నడుం పట్టేస్తే అప్పుడు నన్ను పిలవకు."

ఆవిడ నా వైపు చూసింది. "ఏంటి అలా ఉన్నావు?"

"ఏం లేదు అత్తయ్యా. ఎండ."

"ఈ రోజు పరీక్షలు ఎవరివి?"

"పదహారో గది."

కత్తి ఆగింది. "కాఫీ ఇచ్చావా?"

"తీసుకెళ్ళాను. తలుపు వేసుంది. తిరిగి తెచ్చేశాను."

"కప్పులు?"

నాకు చిరాకేసింది. "కప్పులకేమైంది? బాగానే ఉన్నాయి. నేనేం పగలగొట్టలేదు."

ఆవిడ మళ్ళీ పళ్ళ వైపు తిరిగింది. ఒక పండు తీసుకుని చీల్చింది, ఇంకోటి తీసుకుంది. ఆ కప్పుల ప్రశ్న నాకు అర్థం కావడానికి రెండున్నర నెలలు పట్టింది.

నాలుగు రోజుల తర్వాత ఇస్క్రా ఫిర్యాదు కాగితం రాసిచ్చింది. కాలేజీ అంతా ఒక్క గంటలో తెలిసిపోయింది. ముగ్గురితో విచారణ సంఘం వేశారు. దానికి పెద్ద, వైస్ డీన్ మిర్యానా గారు. ఆవిడ మంచిదే. లెంకా పుట్టినప్పుడు ఊలు దుప్పటి పంపింది. ఆ పిల్లను మొదట మిర్యానా గారు ఒంటరిగా పిలిచి అడిగారు, తర్వాత సంఘం అడిగింది, తర్వాత టైపు చేసే ఆవిడ సరిగ్గా రాసుకోలేదని మూడోసారి అడిగారు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఆరోగ్య కేంద్రం నుంచి మనస్తత్వ వైద్యురాలు మంగళవారాలు వస్తుంది అన్నారు. జూలైలో ఆవిడ సెలవు. చేతికి ఒక కరపత్రం ఇచ్చారు. ఇస్క్రా దాన్ని మడిచి మడిచి గోరంత చేసి, సంఘం గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నేను నీళ్ళ గ్లాసు ఇచ్చాను. తీసుకుంది. నా మొహం వైపు చాలాసేపు చూసింది. నేను గ్లాసు వైపు చూశాను.

ఆ గదిలోకి నేను రెండు పనుల మీద వెళ్ళాను.

"కాఫీ పెట్టేసి నువ్వూ కూర్చో మేనా," అన్నారు మిర్యానా గారు. మూడు కప్పులు పెట్టి, నాలుగో కుర్చీలో అంచు మీద కూర్చున్నాను.

"ఆ రోజు పదహారో గది తలుపు వేసి ఉందా?"

"వేసుందండీ. అందరివీ వేసే ఉంటాయిగా. గాలి కొడుతుందని."

సంఘంలో ముసలాయన నవ్వాడు. "అవును మరి. నాకు మెడ ఇప్పటికీ తిరగదు." ఆయన తన మెడ తిప్పి చూపించాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. టైపు చేసే ఆవిడ కూడా.

"తాళం వేసుందా?"

"చేతిలో ట్రే ఉందండీ. సరిగ్గా చూడలేదు."

"ఏమైనా వినిపించిందా?"

కిటికీలోంచి పిల్లల బడి ఆవరణ కనిపిస్తోంది. ఏడెనిమిది మంది పిల్లలు వరసగా ఇసుకలో కూర్చున్నారు. ఎవరి నెత్తిన లెంకా పసుపు టోపీ ఉందా అని చూశాను.

"లేదండీ," అన్నాను.

సంతకం పెట్టమన్నారు, పెట్టాను. తలుపు దాకా వచ్చి మిర్యానా గారు నా భుజం తట్టారు. "నువ్వు నెమ్మదైన పిల్లవి. సెప్టెంబర్లో నీ కాగితం నా బల్ల మీదికే వస్తుంది, నేను చూసుకుంటాలే." ఆవిడ బెదిరించలేదు. ప్రేమగానే అన్నారు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

జూలై రెండో వారంలో బోర్డు మీద కాగితం అంటించారు. ఆరోపణకు తగిన ఆధారం లభించలేదు. విద్యార్థిని ఆ పరీక్షకు సెప్టెంబర్లో తిరిగి హాజరు కావచ్చు. కాలేజీ ఆమెకు చేసిన సౌకర్యం అది.

ఆగస్టు అంతా కాలేజీ మూసి ఉంది, నాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. లెంకాని నదికి తీసుకెళ్తే ఒడ్డున ఎవరు కూర్చున్నారా అని చూసేదాన్ని. షాపులో గల్లా దగ్గర ఎవరైనా దాని బుగ్గ పట్టుకుంటే చెయ్యి తోసేసేదాన్ని. పిల్లల బడి తెరిచిన మొదటి రోజు టీచరుతో, పడుకోబెట్టినప్పుడు గది తలుపు తెరిచి ఉంచండి అన్నాను.

"తెరిచి ఉంచాలా? పిల్లలకి గాలి కొట్టదూ?" అంది ఆమె. "నువ్వేగా ఏడాదంతా వేయండి వేయండి అని ప్రాణం తీశావు."

ఇంట్లో కూడా గొడవే. "నీకేమైంది?" అన్నాడు బొయాన్. చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పాను, ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"నువ్వు చూశావా?"

"విన్నాను."

"చూడలేదు కదా. మరి వదిలెయ్. నువ్వేమన్నా జడ్జివా? కాఫీ ఇచ్చేదానివి. మంచి కాఫీ ఇస్తావు కూడా." నన్ను నవ్వించాలని చూశాడు. నేను నవ్వలేదు. ఆయన వ్యాను టైర్లు చూడటానికి వెళ్ళాడు.

సెప్టెంబర్ మొదటి శనివారం పెరట్లో మిరపకాయలు కాలుస్తున్నాం. మూడు బస్తాల ఎర్ర బుంగమిరపలు, ఇనప రేకు కింద కట్టెలు. వీధి వీధంతా అదే పొగ. కాల్చడం మా అత్తగారు, తొక్క తీయడం నేను. లెంకా మెడకు చేతిరుమాలు కట్టించుకుని దూరంగా పిల్లితో ఆడుతోంది.

గేటు దగ్గర ఇస్క్రా నిలబడింది. చాలా చిక్కిపోయింది.

"సాక్ష్యం మార్చమని అడగడానికి రాలేదక్కా," అంది, లోపలికి వస్తూనే. దారంతా అదే వల్లెవేసుకుంటూ వచ్చినట్టుంది. "ఒక్కటి తెలుసుకుందామని. ఆ రోజు తలుపు దగ్గర మీరేనా?"

నా చేతుల నిండా నల్ల తొక్క. తుడుచుకోవడానికి గుడ్డ దొరకలేదు.

"కప్పుల చప్పుడు విన్నాను," అంది. "మీరే అనుకున్నా. లోపలికొస్తారు, ఇంకొక్క క్షణం ఆగితే చాలు అనుకున్నా. తర్వాత చప్పుడు ఆగిపోయింది." ఆమె తన మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఆయన ఫోన్ మోగబట్టి సరిపోయింది. నాకు వేరే ఏం వద్దు. ఆ కప్పులు నిజంగా ఉన్నాయా లేదా అని. మా అమ్మ కూడా, నువ్వు భయంలో ఏదో ఊహించుకుని ఉంటావు అంటోంది. మూడుసార్లు చెప్పి చెప్పి నాకే అనుమానం వచ్చేసింది."

"ఉన్నాయి," అన్నాను.

ఆమె తల ఊపింది. ఏడవలేదు. బల్ల మీద ఉన్న మిరపకాయ ఒకటి తీసుకుని తొక్క తీయడం మొదలుపెట్టింది, ఎవరి ఇంటికి వచ్చిందో మరిచిపోయినట్టు.

ఇంటికి ఎవరొచ్చినా మా అత్తగారు ముందు పళ్ళ పాకం ఒక చెంచా, చల్లటి నీళ్ళు పెట్టకుండా మాట్లాడనివ్వదు. లోపలికి వెళ్ళి ట్రే సర్దుకుని వచ్చింది. మూడు గ్లాసులు అంచు దాకా నిండి ఉన్నాయి, మధ్యలో పాకం సీసా, వెండి చెంచాలు. పెరట్లో నీళ్ళ పైపు అడ్డంగా పడుంది. బకెట్లు, బస్తాలు, కట్టెలు, పిల్లి. ఆవిడ అన్నిటి మధ్యలోంచి, చూపు ఇస్క్రా మొహం మీదే పెట్టి, నడుచుకుంటూ వచ్చింది. పైపు దాటింది. పిల్లి కాళ్ళకు చుట్టుకుంటే ఒక్క కాలితో పక్కకు జరిపింది. గ్లాసుల్లో నీళ్ళు కదల్లేదు.

నేను ఆవిడ చేతులు చూస్తూ ఉండిపోయాను. పెళ్ళయి ఐదేళ్ళు. ఈ ఇంట్లో ఆవిడ చేతిలోంచి ఒక చెంచా జారడం నేను చూడలేదు.

"తీసుకో నాన్నా," అంది ఇస్క్రాతో. "క్విన్సు పండుది. ముందు తీపి, తర్వాత నీళ్ళు."

ఇస్క్రా తీసుకుంది. ఈ నెల పద్నాలుగున పరీక్ష అని, మళ్ళీ ఆయన దగ్గరే, ఆ గదిలోనే అని చెప్పింది. వేరే ప్రొఫెసర్ దగ్గర పరీక్షకు కూర్చుంటానని అర్జీ పెడితే, సరైన కారణం చూపలేదని తిప్పి పంపారట. వెళ్ళకపోతే ఏడాది పోతుంది. "వెళ్తాను," అంది. "వెళ్తాననుకుంటున్నా."

ఆమె వెళ్ళాక నేను మళ్ళీ తొక్క తీయడానికి కూర్చున్నాను. మా అత్తగారు రేకు మీద మిరపకాయలు తిప్పుతోంది.

"అత్తయ్యా, మీరు ఇంట్లో ఎప్పుడైనా ఏదైనా పగలగొట్టారా?"

"ఆ పక్కవి మాడిపోతున్నాయి, తియ్యి."

"అత్తయ్యా."

ఆవిడ పటకారు కింద పెట్టింది. "వరండాలో ట్రే పడితే ఎలా ఉంటుందో నీకు తెలీదు," అంది. "బాంబు పడ్డట్టుంటుంది. అందరూ బయటికొస్తారు. ఆయన కూడా రావాలి కదా, రాకపోతే ఎలా ఉంటుంది? తలుపు తెరుస్తాడు. పిల్ల బయటికి నడిచి వెళ్ళిపోతుంది. నన్ను తిడతారు. ముక్కలు ఊడ్చుకుంటాను."

"ఎన్నిసార్లు?"

"లెక్క నేను పెట్టలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" నా గొంతు పెరిగింది. పక్కింటావిడ గోడ మీంచి చూసింది. "ఆ పనిలో నన్ను పెట్టేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే చేరేదానివా?" ఆవిడ నా వైపు తిరిగింది. పొగకో ఏమో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పిల్ల చెవులకి మందులు, చాలీచాలని వాడి వ్యాను జీతం, దిగులుతో మీ ఇద్దరి మొహాలు. చేరాక చూసుకుంటుందిలే, నేనున్నాగా అనుకున్నా. ఆయనా ముసలాడయ్యాడు అనుకున్నా. ఇలాంటివి అనుకోవడం ఎంత సులువో." మళ్ళీ పటకారు తీసుకుంది. "నేను చేసింది కూడా ఏముంది? ఆ రోజుకి ఆ పిల్ల బయటపడింది. మర్నాటికి ఇంకో పిల్ల."

"ఎవరికీ చెప్పలేదా?"

"కాఫీ కాచే దరింకా చెబితే ఎవరు రాసుకుంటారు? అప్పుడు సంఘాలూ లేవు, కాగితాలూ లేవు." మిరపకాయను ఒక్క గుంజులో తొక్క ఊడేలా లాగింది. "నువ్వు రెండేళ్ళు చదివావు. సంతకం పెట్టావట కదా వాళ్ళ కాగితం మీద. మరి ఇంకోటి రాయి."

"కాంట్రాక్టు?"

ఆవిడ నా ముందుకు ఇంకో గిన్నె మిరపకాయలు తోసింది. ఆ రోజు మేం ముప్పై ఒక్క సీసా పచ్చడి పెట్టాం. మధ్యలో రెండుసార్లు నేను లేచి లోపలికి వెళ్ళి కాగితం ముందు కూర్చుని తిరిగి వచ్చాను. మూడోసారి రాశాను. లెంకా రంగు పెన్సిలు తప్ప ఏదీ దొరక్క మొదట దాంతో, తర్వాత పెన్నుతో. తలుపు లోపలి నుంచి తాళం వేసి ఉంది. వదలండి అన్న మాట విన్నాను. వదులు అన్న మాట విన్నాను. చప్పుడు కాకుండా కప్పును వేలితో పట్టుకున్నది నేనే. జూన్‌లో మీరు అడిగితే లేదన్నాను, అది అబద్ధం. బొయాన్ నా భుజం మీంచి చదివాడు. "కప్పు సంగతి ఎందుకు? అది ఎవరూ అడగలేదుగా," అన్నాడు. ఉండనీ అన్నాను. ఆయన పెన్ను మూత వెతికి పెట్టాడు.

సోమవారం కార్యాలయంలో ఇచ్చాను. అక్కడి ఆవిడ చదివి, నన్ను చూసి, స్టాంపు వేసి నంబరు రాసింది. సాయంత్రానికి మిర్యానా గారు పిలిచారు. కూర్చోమనలేదు.

"ఎవరైనా చెప్పి రాయించారా నీ చేత?"

"లేదండీ. నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది, అందుకే ఇన్నాళ్ళు పట్టింది."

ఆవిడ కాగితాన్ని ఫైల్లో పెట్టారు. "సరే, వెళ్ళు," అన్నారు. కాంట్రాక్టు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పద్నాలుగో తేదీ పొద్దున నేను ఒక కాఫీ కాచాను. ఎవరూ అడగలేదు. ట్రే పట్టుకుని పదహారో గదికి వెళ్ళేసరికి ఇస్క్రా అప్పుడే లోపలికి వెళ్తోంది. వెనకే వెళ్ళి కప్పు ఆయన ముందు పెట్టాను. తర్వాత గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను.

"థాంక్స్ మేనా, ఇక వెళ్ళొచ్చు," అన్నాడు ప్రొఫెసర్ వెలిజార్.

"వింటానండీ. నేనూ ఇది చదివానుగా."

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. లైబ్రరీ చూసే రుజిత్సా, ఇస్క్రా క్లాసు పిల్లలు నలుగురు, నేను రమ్మన్నవాళ్ళే; వాళ్ళ వెనక మా అత్తగారు. ఆవిడ వస్తుందని నాకు చెప్పలేదు. మెడకు చలికాలపు ఊలు స్కార్ఫు మూడు చుట్లు, నడుముకు ఇంకోటి, రెండు స్వెట్టర్లు. చేతిలో ఒక సీసా పచ్చడి. దాన్ని తలుపుకు అడ్డంగా నేల మీద పెట్టింది. తలుపు బార్లా తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత గది దాటి వెళ్ళి కిటికీ రెండు రెక్కలూ తెరిచింది. గాలి దూసుకొచ్చింది. బల్ల మీద కాగితాలు లేచి గోడకు కొట్టుకున్నాయి.

"దరింకా! ఏంటిది? తలుపు వెయ్యండి, గాలి కొడుతోంది!"

"కొట్టనివ్వండి ప్రొఫెసర్ గారూ." కిటికీకీ తలుపుకీ సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పరీక్ష బహిరంగం అని తలుపు మీదే రాసుందిగా."

"మీకు గణాంకాలు ఏం అర్థమవుతాయి?"

"ఇరవై రెండేళ్ళు ఆ తలుపు అవతల నిలబడి విన్నాను. ఇవతల కూర్చుని ఎలా ఉంటుందో చూద్దామని."

ఎవరూ నవ్వలేదు. ఆయన మా అందరి వైపూ ఒక్కొక్కరిగా చూశాడు. తర్వాత ప్రశ్న అడిగాడు. ఇస్క్రా గొంతు మొదట్లో వినబడనేలేదు. రెండో ప్రశ్నకి కొంచెం వినబడింది. ముప్పావు గంట అడిగాడు. మొత్తం అడిగాడు, పుస్తకంలో కింద చిన్న అక్షరాల్లో ఉండేవి కూడా. నాకు అందులో సగం తెలియదు. ఆమెకు తెలుసు. ఒకచోట తడబడితే మా అత్తగారు "ఊపిరి పీల్చుకో నాన్నా," అంది. ఆయన మార్కుల పుస్తకం లాక్కుని ఎనిమిది వేసి సంతకం పెట్టాడు. కాఫీ ముట్టుకోలేదు. పుస్తకం అందుకున్న ఇస్క్రా మా వైపు తిరగలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి, పచ్చడి సీసాకి కాలు తగలకుండా దాటి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఈసారి పరుగు లేదు.

ఇది జరిగి పదకొండు రోజులైంది. సంఘం మళ్ళీ కూర్చుంటుందని బోర్డు మీద కాగితం పెట్టారు. నా స్టాంపు నంబరు అందులో ఉంది. దాని కింద ఇంకో రెండు నంబర్లున్నాయి, ఎవరివో నాకు తెలియదు. ఒకటి చాలా ఏళ్ళ క్రితం చదివి వెళ్ళిపోయినావిడది అంటున్నారు. ప్రొఫెసర్ వెలిజార్ అక్టోబర్ నుంచి సెలవు పెట్టాడు. సెలవు అనే రాశారు. నా కాంట్రాక్టు ఇంకా రాలేదు. ఎవరూ పని మానమని చెప్పలేదు కాబట్టి రోజూ వెళ్ళి కాఫీ కాస్తున్నాను. కొందరు గదుల్లో పలకరించరు.

మా అత్తగారికి మెడ పట్టేసింది. నిజంగానే. వారం రోజులుగా అటు తిరగదు, ఇటు తిరగదు. బొయాన్ వెచ్చటి రకియా సారా గుడ్డ మీద పోసి మెడకు చుడుతున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నావు గాలి గాలి అని," అన్నాడు నిన్న. "నాకు ఇప్పుడు నమ్మకం కుదిరిందమ్మా."

"నోరుముయ్. గట్టిగా చుట్టు."

లెంకా భోజనం బల్ల దగ్గర కూర్చుని ఉంది. వంటింటి కిటికీ తెరిచి ఉంది. ఎవరో పెరటి తలుపు కూడా వేయడం మరిచిపోయారు. కర్టెన్ ఎగిరి పిల్ల నెత్తిన పడింది. అది కిలకిలా నవ్వింది. అంత గాలి అది ఇంట్లో ఎప్పుడు చూసింది? నేను అలవాటుగా లేచాను. చెవులు, చీము, బనీను, అన్నీ ఒక్కసారే బుర్రలోకి వచ్చాయి. పెరటి తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"ఉండనీ," అంది మా అత్తగారు, మెడ తిప్పకుండానే.

చెయ్యి అలాగే పిడి మీద ఉంచి నిలబడ్డాను. తర్వాత తీసేశాను. గూట్లోంచి లెంకా ఊలు టోపీ వెతికి తెచ్చి, చెవులు కప్పేలా దాని నెత్తిన పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.